అండమాన్ చేపలకు ఆయుధ పూజ

నేను అండమాన్ వెళ్తున్నానన్న కబురు ఛత్రినాకలో మా సందంతా పాకిన రోజున, పక్కింటి పాల పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది. "ఏం తప్పు జేసినవ్ బిడ్డా?"

తప్పేమీ చేయలేదు, చేపలు పట్టడానికి వెళ్తున్నానని చెప్పాను. పెద్దమ్మ తేరుకుంది. లోపల బెండకాయలు తరుగుతున్న మా బామ్మ మాత్రం కత్తిపీట పక్కకు తోసి, సందు చివరిదాకా వినపడేలా అంది. "దానికంటే జైలే నయం!"

తొంభైల చివరి రోజులవి. నాన్న గుమాస్తా ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఛత్రినాకలో నిలబడిపోయిన కుటుంబం మాది. మాతోపాటు బామ్మ, బామ్మతోపాటు ఆవిడ మడి వచ్చాయి. ఆ మడి ఎంత గట్టిదంటే, పెద్దమ్మ వాళ్ళ బర్రెలు కూడా మా దండెం మీది బట్టలకు నాలుగడుగులు ఎడంగా నడవడం నేర్చుకున్నాయి. కార్తీకమాసంలో ఉల్లిపాయకు సైతం మా ఇంట్లో ప్రవేశం లేదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను జువాలజీలో పీహెచ్‌డీకి చేరాను, అదీ కొర్రమీను మీద. నాన్న ఏమీ అనలేదు. ఆయన ఏ విషయంలోనూ ఏమీ అనరు, అదొక సుఖం. బామ్మ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా పిల్ల జలచరాల మీద చదువుతోంది" అని చెప్పుకునేది. చేప అన్న మాట ఆవిడ నోటి వెంట వచ్చేది కాదు.

నా చదువంతా ఒక్క ప్రశ్న. అండమాన్ దీవుల్లో వాగులున్నాయి, వాగుల్లో మంచినీళ్ళు, ఆ నీళ్ళలో కొర్రమీను. కొర్రమీను ఉప్పునీళ్ళలో బతకదు. చుట్టూ ఉన్నదంతా ఉప్పుసముద్రం. మరి ఇది అక్కడికి ఎలా చేరింది? సముద్రం ఇప్పటికంటే చాలా కిందికి దిగిపోయి ఉన్న ఏ పాతకాలంలోనో బర్మా వైపు నుంచి చేరిందా? లేక నిన్నగాక మొన్న మనుషులు కుండల్లో వేసుకుని తీసుకెళ్ళారా?

మా సారుకి ఇందులో అనుమానమే లేదు. సారు అంటే నా గైడు, తెలంగాణ మనిషి, మహా పట్టుదల గల మనిషి. "కొర్రమీను తడి గుడ్డల చుట్టి పెట్టినా పొద్దుందాక బతుకుతదమ్మా. కుండల పెట్టుకొని ఓడెక్కితే బతకదా? మనిషే మోసుకపోయిండు. రాసిపెట్టుకో" అనేవాడు. నేను జువాలజీ అన్న మాట వినకముందు నుంచీ ఆయనది అదే మాట. రుజువు మాత్రం లేదు. ఆ రుజువు తేవడానికే నన్ను ఓడెక్కించాడు.

వెళ్ళాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఓడలో తిన్నదంతా సముద్రానికి సమర్పించుకుంటూ, జలగలకు నా రక్తం పోస్తూ, దీవిలో ఆ చివర నుంచి ఈ చివరదాకా ఉన్న వాగులన్నిటా దిగాను. చేప తోక రెక్క కొన, గోరంత ముక్క కత్తిరించి, చిన్న గాజు సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయడం, ఇదీ పని. సీసాలు హోమియోపతి మాత్రల సీసాలు. అవైతే చవక, బిరడాలు కూడా బాగుంటాయి. ఏ సీసాలో ఏ వాగు చేప ఉందో గాజు మీద మైనపు పెన్సిలుతో నంబరు వేసేదాన్ని. ఆ నంబరుకి ఎదురుగా వాగు పేరు రిజిస్టరులో రాసుకునేదాన్ని. "లోపల కూడ ఒక చీటీ ఎయ్యమ్మా" అని సారు చెప్పాడు. ఆ సన్నటి మూతిలో చీటీ దూర్చడానికి నాకు ఓపిక లేకపోయింది. గాజు మీద ఉందిగా, చాలదా అనుకున్నాను.

ఇక దసరా వచ్చింది. అంతకుముందు ఏడాది దసరా సెలవుల్లో మా డిపార్ట్‌మెంటులో ఎవరో ఘనుడు పాముల జాడీల్లోని స్పిరిట్ తాగేశాడు. సెలవుల తర్వాత తలుపు తీస్తే పాములు ఎండుమిరపకాయల్లా జాడీల అడుగున పడి ఉన్నాయి. తాగినవాడు బతికాడో లేదో మాకెవరికీ తెలియలేదు, కనుక్కునే ధైర్యం కూడా లేకపోయింది. ఆ అనుభవంతో సారు ఈసారి ముందే చెప్పాడు. "నీ సీసలు ఇంటికి తీస్కపో. తాళం మీద నాకు నమ్మకం లేదు."

అలా వందకు పైగా అండమాన్ చేపల తోక కొనలు ఒక పెద్ద బిస్కెట్ల డబ్బాలో కూచుని, రెండు బస్సులు మారి, ఛత్రినాక చేరాయి. బామ్మ వాటిని గుమ్మంలోనే ఆపేసింది. ఫ్రిజ్‌లోకి వీల్లేదంది. వంటింటి గోడ అవతల కూడా వీల్లేదంది. చివరికి పెరటి వసారాలో, బట్టలుతికే బండ పక్కన, పాత గోనెసంచి కప్పి పెట్టుకోవడానికి ఒప్పుకుంది. "వాసన వస్తే నేను కాశీ వెళ్ళిపోతాను" అని కూడా హెచ్చరించింది. ఆవిడ కాశీ బెదిరింపు మా ఇంట్లో నెలకోసారి వినపడేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మహానవమి నాడు పొద్దున్నే నేను లాబ్‌కి వెళ్ళాను. అక్కడ కూడా ఆయుధ పూజే. నవ్వకండి. డీఎన్‌ఏ నకళ్ళు తీసే మిషను మా సారుకి ప్రాణం. ఆయన స్వయంగా దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, దాని ఎదుట గుమ్మడికాయ కొట్టాడు. గుమ్మడికాయ గుజ్జు వైర్ల మీద పడకుండా నేను దినపత్రిక అడ్డం పట్టుకున్నాను. సైన్సు పుస్తకాల్లో ఈ ఘట్టం రాయరు గానీ, హైదరాబాదులో ఏ మిషనూ బొట్టు లేకుండా దసరా దాటదు.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. నేరుగా పెరట్లోకి వెళ్ళాను.

వసారా మధ్యలో అరిటాకు పరిచి ఉంది. ఆకు నడుమ దీపం. దీపం చుట్టూ నా సీసాలు, ఎనిమిది రేకుల పద్మం ముగ్గులా పేర్చి ఉన్నాయి. ప్రతి బిరడా మీదా పసుపు, పసుపు మీద కుంకుమ. సీసాలు తళతళా మెరుస్తున్నాయి. ఎందుకు మెరవవు? ఒక్కొక్కదాన్నీ తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తోమి తుడిచింది మా బామ్మ. పూజకు పెట్టే వస్తువు మీద మరక ఉండకూడదు. మైనపు పెన్సిలు నంబర్లు ఆవిడ కంటికి మరకలు.

"అందరివీ పెట్టాను" అంది బామ్మ సంబరంగా. "మీ నాన్న స్కూటరు, మీ అమ్మ కుట్టుమిషను, కత్తిపీట, రోలు. నీ చదువంతా ఈ సీసాల్లోనే ఉందన్నావుగా! దేవుడి దగ్గర పెట్టడానికి వీల్లేదాయె. అందుకని ఇక్కడే పెట్టాను. చూడు, ఎంత జిడ్డు పట్టి ఉన్నాయో! నల్లగా ఏవో గీతలు, ఒక పట్టాన పోలేదు."

నేను అరిచాను. ఇప్పుడు నెమ్మదిగా చెప్తున్నాను గానీ, ఆ రోజు అరిచిన అరుపుకి పెద్దమ్మ వాళ్ళ బర్రె తాడు తెంపుకుంది. నా చదువు బూడిదైపోయిందన్నాను. మూడుసార్లు సముద్రం దాటి తెచ్చిందంతా మట్టిపాలు చేశావన్నాను. ఇక నేను పీహెచ్‌డీ మానేసి బర్రెలు కాస్తానన్నాను. గోడ అవతల నుంచి పెద్దమ్మ, "బర్రెలు గాసుడంటే గంత అల్కగ గాదు" అంటున్నది కూడా వినిపించుకోలేదు. పండగ భోజనం ముట్టలేదు. బామ్మ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. ఎప్పుడూ ఒకటికి పది అనే మనిషి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. తను చేసిన తప్పు తెలిసొచ్చింది కాబోలు అనుకున్నాను.

సెలవులయ్యాక డబ్బా ఒళ్ళో పెట్టుకుని సారు ముందు కూచున్నాను. బిరడాల మీద కుంకుమ ఇంకా అలాగే ఉంది. సారు ఒక సీసా తీసి వెలుతురుకి పట్టి చూశాడు. రెండోది చూశాడు.

"గీ బొట్టు ఎవరు పెట్టిన్రు?"

"మా బామ్మ సార్."

ఆయన తన మిషను వంక చూశాడు. దాని మీద కూడా కుంకుమ ఉంది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాడు.

"లోపల చీటీ ఎయ్యమన్న గద."

"మూతి సన్నం సార్."

"ఇగ ఏంజేస్తం? చేపలనే అడుగుదాం" అన్నాడు.

నిజంగానే అడిగాం. ఒక వాగులోని కొర్రమీను ఇంకో వాగులోకి వెళ్ళలేదు, మధ్యలో కొండ, కిందికి దిగితే సముద్రం. తరాల తరబడి అక్కడే పుట్టి అక్కడే పోతాయి. కాబట్టి ఒక్కో వాగు చేపల డీఎన్‌ఏలో ఆ వాగుకే ప్రత్యేకమైన గుర్తులు మిగిలిపోతాయి. మాట్లాడే తీరును బట్టి మనిషిది ఏ ఊరో మనం పోల్చుకోమూ, అలాగన్నమాట. సీసాలన్నిటికీ కొత్త నంబర్లు వేసి, ఏది ఎక్కడిదో తెలియకుండానే, ఒక్కోదాని డీఎన్‌ఏ చదవడం మొదలుపెట్టాను. దానికి ఎన్ని నెలలు పట్టిందో, ఆ నెలల్లో నేను బామ్మతో ఎంత పొడిపొడిగా మాట్లాడానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఒక సీసా తెరిచినప్పుడు మాత్రం సారు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ సీస వాసన మంచిగున్నదమ్మా" అన్నాడు. ఆ ముక్కలో డీఎన్‌ఏ కూడా కాస్త చితికిపోయి ఉంది. స్పిరిట్ పాతదైపోయిందేమో అనుకున్నాను. ఇద్దరం డాక్టరేట్ల మనుషులం, ఒకరు అయినవారు, ఒకరు కాబోయేవారు. ఇద్దరికీ అంతకుమించి తోచలేదు.

వేసవి వచ్చేసరికి సీసాలు వాటంతటవే గుంపులుగా విడిపోయాయి. ఏ వాగువి ఆ వాగుకి చేరాయి. ఒక వాగులో ఎక్కువ పట్టాను, ఇంకో దానిలో తక్కువ. రిజిస్టరు తీసి చూస్తే ఏ గుంపుకి ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. నేను లాబ్‌లో గెంతాను. నా చదువు నాకు దక్కింది! నంబర్లు తెలియకుండా చేసిన పని కాబట్టి నేను కావాలని ఎటైనా మొగ్గానని వేలెత్తి చూపేవాడు కూడా ఉండడు. దీవి చేపలన్నీ ప్రధాన భూభాగం చేపలకి దూరం, చాలా దూరం.

ఒక్కటి తప్ప.

ఒకే ఒక్క సీసా ఏ గుంపులోనూ ఇమడలేదు. అది దీవి చేప కాదు. పోల్చి చూడడానికి నేను మన వైపు చెరువుల కొర్రమీనుల తోక కొనలు కూడా తెచ్చుకున్నాను, అచ్చం వాటిలాగే ఉంది. ఇటు చూస్తే ఒక వాగు గుంపులో సరిగ్గా ఒక్కటి తక్కువ. అది వలస వచ్చినవాళ్ళ పల్లె పక్కనుంచి పారే వాగు. అంటే ఆ వాగులో నేను పట్టిన చేపల్లో ఒకటి ఇక్కడి నుంచి వెళ్ళినదన్నమాట. చేప తనంతట ఈదలేదు. మనిషే మోసుకెళ్ళాడు!

సారు కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్ళీ కూచుని, మళ్ళీ లేచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పిన్నా లేదా? గిన్నేండ్ల సంది చెప్తున్ననా లేదా?" అన్నాడు. వచ్చే నెల పెద్ద సదస్సులో దాన్ని చదవాలని ఆ రోజే ప్లాస్టిక్ షీట్ల మీద రంగు పెన్నులతో బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. ఒక షీటు మీద మన తీరం, అండమాన్ దీవులు, రెంటికీ మధ్య ఒక ఎర్రటి బాణం. ఆ బాణాన్ని ఆయన ఎంత మురిపెంగా గీశాడో చెప్పలేను. పెళ్ళిచూపులకి పిల్లకి జడ వేసినట్టు వేశాడు.

నేను మిఠాయిలు కొనుక్కుని ఇంటికెళ్ళాను. స్నానం చేసి, చాలా నెలల తర్వాత బామ్మ పక్కన కూచుని, అరచేతిలో మైసూరుపాకు పెట్టి, జరిగిందంతా చెప్పాను. నువ్వు తుడిచేసినా నా చదువు నిలబడింది బామ్మా, పైగా ఒక చేప ఇక్కడిదని తేలింది, సారు దాన్ని దేశం మొత్తానికీ చెప్పబోతున్నాడు అన్నాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. మైసూరుపాకు ముక్క ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

"ఒక్కటేనా ఇక్కడిది?" అంది.

"ఒక్కటే."

"దేశం మొత్తానికీ చెప్తాడా?"

"వచ్చే నెలలో."

రాత్రి తినలేదు. పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, "నన్ను మీ సారు దగ్గరికి తీసుకెళ్ళు" అంది. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా ఒకటే సమాధానం. "ఆయన ముందే చెప్తాను. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు." నాకు విషయం అర్థమైపోయిందనుకున్నాను. అప్పటికి రెండేళ్ళుగా నా పెళ్ళి గురించి ఆవిడకి నిద్ర లేదు. సారు చేతిలో ఎవరైనా కుర్రాడున్నాడేమో అడగబోతోంది! బస్సులో కూచున్నంతసేపూ సిగ్గుతో చచ్చాను. పక్కన పెద్దమ్మ కూడా తయారు. చేతిలో పాల క్యాను. "నేను రాకుంటే ముసలమ్మ సగం జెప్పి ఊకుంటది" అంది. పెళ్ళి సంబంధానికి పెద్దమ్మ సాక్ష్యమేమిటో అనుకున్నాను గానీ అడగలేదు.

సారు మర్యాదగా కుర్చీ వేశాడు. బామ్మ కూచోలేదు. బల్ల మీద ఎర్ర బాణం షీటు ఎండుతోంది. ఆవిడ చేతులు జోడించింది.

"బాబూ, మా పిల్ల తప్పు ఏమీ లేదు. ఆ ఇక్కడి చేపను అందులో పెట్టింది నేను."

సారు నా వంక చూశాడు. నేను బామ్మ వంక చూశాను. బామ్మ పెద్దమ్మ వంక చూసింది. పెద్దమ్మ క్యాను కింద పెట్టి అందుకుంది.

"నేను జెప్త సారూ. నౌమి దినం పొద్దుగాల బర్రెకు కుడితి వెడ్తున్న. గీ అమ్మ ఉరుక్కుంట వచ్చింది. చేతిల పగిలిన సీస. ఏందమ్మా అంటే, పిల్ల చదువు పిల్లి తినేసింది అంటది. నాకేం సమజ్ గాలే. తుడుస్తుంటే సీస జారి పగిలిందట, అండ్ల ముక్క కింద పడ్డదట, పిల్లి నోట్ల ఏసుకొని గోడ దుంకిందట. ఇగ ఒకటే లొల్లి. కొర్రమీను తోక గావాలె, పిల్ల వచ్చే లోపట గావాలె! నౌమి నాడు మా ఇంట్ల యాటకూర, చేప యాడికెల్లి తేవాలె? ఆటో మాట్లాడుకొని ఇద్దరం బేగంబజార్ పోయినం. ఇంక చార్మినార్ గూడ దాటలే, అప్పుడే ముక్కు మూసుకున్నది."

బామ్మ కళ్ళు మూసుకుంది. పెద్దమ్మకి మాత్రం హుషారొచ్చింది.

"చేపలాయన 'కిత్నా కిలో అమ్మా?' అన్నడు. ఈమె, 'గోరంత నాయనా, తోక చివర' అన్నది. గాయన నా దిక్కు జూసిండు. 'యే మజాక్ హై క్యా?' అన్నడు. ఈమె ఊకుంటదా? 'మజాకు కాదు నాయనా, పరీక్షకి' అన్నది. తోక కొన ఒక్కటే అమ్మరు, మొత్తం చేప కొనాలె అన్నడు. కొన్నది. పులుసు మేం వెట్టుకున్నం. ఇగ గా సీసల మందు. సారాయి వాసన నీళ్ళు గావాలె అన్నది. మా ఇంటాయన పండక్కి తెచ్చుకున్న బ్రాందిల నేనే ఒక మూత పోసిన."

"గందుకేనా గా సీస..." అని సారు సగంలో ఆగిపోయాడు.

"సీసా నాదే" అంది బామ్మ నెమ్మదిగా. "నా మోకాళ్ళ హోమియో మాత్రలు పారబోసి కడిగాను. ముక్క పెద్దమ్మ చేత పెట్టించానని చెప్పొచ్చు, కానీ అబద్ధం. నా చేత్తోనే పెట్టాను. పిల్ల వచ్చాక చెబుదామనే అనుకున్నాను బాబూ. కానీ నంబర్లు పోయాయనే అంత ఏడ్చింది. ఇక ఇది కూడా ఎలా చెప్పను?"

కార్తీకంలో ఉల్లిపాయ తాకని మనిషి! నవమి పూట, పూజ మధ్యలో లేచి, చేపల బజారుకి వెళ్ళి, చేపముక్కను వేళ్ళతో పట్టుకుని, బ్రాందీలో ముంచింది. నేనేమో ఇంటికొచ్చి ఆవిడ మీద అరిచాను.

సారు బాణం షీటు దగ్గరికి లాక్కున్నాడు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. అన్నేళ్ళ నమ్మకం, ఒక్క సీసా మీద నిలబడి, ఇప్పుడు ఆ సీసా కూడా పోయింది.

"అమ్మా, మీరు ఇయ్యాల రాకుంటే, అండమాన్ కొర్రమీను తెలంగాణకెల్లి పోయిందని నేను ఆలిండియాకు చెప్పేటోన్ని" అన్నాడు.

"బేగంబజారు నుంచి" అని సరిదిద్దింది బామ్మ.

ముందుగా నవ్వింది పెద్దమ్మ. తర్వాత సారు. నవ్వుతూనే దూది, స్పిరిట్ అడిగి, ఎర్ర బాణాన్ని తనే మెల్లగా తుడిచేశాడు. తుడిచాక బామ్మతో, "పిల్ల చదువు ఏం గాలే అమ్మా. ఇంక గట్టిగైంది. దీవి చేపలు దీవియే అని తేలింది. ఓడిపోయింది నేను, మీ పిల్ల గాదు" అన్నాడు. నా వైపు తిరిగి, "గా వాగుల ఒక శాంపిల్ పోయిందని రాయి. పిల్లి ముచ్చట రాయకు" అన్నాడు. పెద్దమ్మ తెచ్చిన పాలతో అందరం టీ తాగాం.

తిరుగు బస్సులో బామ్మ కిటికీ పక్కన కూచుంది. అఫ్జల్‌గంజ్ దాటాక అడిగింది.

"అయితే ఆ చేపల్ని అక్కడికి ఎవరూ తీసుకెళ్ళలేదా?"

"లేదు బామ్మా. మనుషులు పడవలు కట్టడం నేర్వకముందే అవి అక్కడున్నాయి."

"పిల్లి తిన్నది కూడా ఆ జాతిదేనా?"

"అదీ అంతే."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్ని యుగాల పాటు ఒంటరిగా బతికిందా! దాన్ని నువ్వు చంపి తెచ్చావు, నేను పిల్లి పాలు చేశాను. ఏ జన్మకి పోతుందే ఈ పాపం?"

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నా సీసాలను శవాలుగా లెక్కపెట్టుకుంటోంది. నేను హంతకురాలినని తెలిసీ నా చదువుకి పసుపు కుంకుమ పెట్టింది!

"బామ్మా, నేను ఒక్క చేపనూ చంపలేదు. తోక రెక్క కొన కత్తిరించి, మళ్ళీ ఆ వాగులోనే వదిలేశాను. గోరు తీసినట్టే. ఆ చేప అక్కడే ఈదుతూ ఉంటుంది."

బామ్మ నా ముఖం వంక అనుమానంగా చూసింది. "ఒక్కదాన్నీ చంపలేదా?"

"ఒట్టు."

ఆవిడ ముఖం మెల్లగా మారింది. "అంటే నీ చదువంతటికీ చచ్చిన చేప నేను కొన్నదొక్కటేనా!"

ముందు సీట్లోంచి పెద్దమ్మ వెనక్కి తిరిగింది. "ఫికర్ జెయ్యకమ్మా. దాని పాపం ముక్క మిగలకుంట మేమే తిన్నం."

బామ్మ నవ్వేసింది. నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లాబ్ నుంచి వస్తే స్నానం చేసేదాకా నన్ను తాకని మనిషి, లాబ్ నుంచే వస్తున్న నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు అరిచినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. ఈలోగా చార్మినార్ దగ్గర బస్సు ఆగి, గాజుల బేరాలన్నీ కిటికీలోంచి లోపలికి వినపడుతుంటే, బామ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ చేపకి తోక మళ్ళీ మొలుస్తుందా?"

"మొలుస్తుంది బామ్మా" అన్నాను. "ఈపాటికి మొలిచే ఉంటుంది."